నాణెముల వేట

విజయవాడనుండి దక్షిణమునకు పోవు రైలుబండి కృష్ణానది వంతెనపైకి వచ్చినంతనే పెట్టెలలో నొక కదలిక పుట్టును. నిద్రించుచున్నవారు లేతురు. వృద్ధులు చేతులు జోడింతురు. కిటికీ చువ్వల సందునుండి ఒకటి రెండు నాణెములు మిలమిల మెఱసి క్రింద నీటిలో మునిగిపోవును. పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చు పుష్కరములలో స్నానఘట్టములకడ ఇట్లు నీటబడు నాణెములకు లెక్కయే యుండదు. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరములలోను అట్లే జరిగెను.

అయినను నీటబడినదెల్ల నీటిపాలు కాదు. నదిలో నీరు తగ్గిన దినములలో కొందఱు బాలురు త్రాటికొనకు అయస్కాంతమును కట్టి నీటిలోనికి విసరి, అడుగున ఈడ్చుచు మెల్లగా లాగుకొందురు. ఆ అయస్కాంతము సాధారణముగా పాత లౌడుస్పీకరునుండి ఊడదీసిన వలయాకారపు బిళ్ళ. అది పైకి వచ్చునప్పటికి నల్లని ఇసుకరేణువులు దానిచుట్టును మీసములవలె నిక్కబొడుచుకొని యుండును. వానినడుమ నొక రూపాయి బిళ్ళయు అంటుకొని వచ్చును. ఆనకట్ట తలుపు లెత్తినపుడు నీరు హఠాత్తుగా పెరుగునుగాన ఇది చూచుటకు కనబడునంత నిరపాయమైన ఆట కాదు. దాని ప్రమాదము నట్లుంచి, అందలి శాస్త్రము చూడదగినది.

నాణెము అయస్కాంతమునకు అంటుకొనునా? బంగారము, వెండి, రాగి, కంచు, సీసము అంటుకొనవు. అంటుకొను లోహములలో ముఖ్యమైనవి ఇనుము, నికెలు. మన దేశమున 1988లో పది, ఇరువదియైదు, ఏబది పైసల బిళ్ళలను, 1992లో రూపాయి బిళ్ళను త్రుప్పుపట్టని ఉక్కుతో ముద్రింప నారంభించిరి. ఆ ఉక్కు అయస్కాంతమునకు లోబడును. 1947లో ముద్రించిన రూపాయి స్వచ్ఛమైన నికెలుతో చేసినది, అదియు అంటుకొనును. కాని పది రూపాయల ద్విలోహ నాణెము అంటుకొనదు. 1957లో వచ్చిన కంచు నయాపైస అంటుకొనదు. విక్టోరియా రాణి బొమ్మగల వెండి రూపాయి ఆ బాలుని అయస్కాంతము క్రిందనే పడియున్నను వాని చేతికి రాదు. ఆ త్రాటికొన బిళ్ళ ఈనాటి నాణెములను మాత్రమే ఎఱుగును.

పాతనాణెములను వెదకువారికి వేఱొక సాధనము వలయును. అదియే మెటల్ డిటెక్టరు. లోహశోధక మనియు ననవచ్చును. రైలుస్టేషను ద్వారమునందు చట్రమువలె నిలిపిన దానిని విద్యార్థులందఱును చూచియే యుందురు. నాణెముల వేటగాండ్ర యంత్రము ఆ జాతిదే. పొడవైన కఱ్ఱ, దాని క్రిందికొనను పళ్ళెమువంటి తీగచుట్ట, పైకొనను చిన్న పెట్టె, చెవులకు శ్రవణయంత్రము. పాశ్చాత్యదేశములలో వేలకొలది జనులు సెలవుదినములలో ఈ యంత్రమును పట్టుకొని పొలములలోను, సముద్రతీరములలోను తిరుగుచుందురు.

ఇది పనిచేయు విధము కష్టమైనది కాదు. తీగచుట్టలో అటునిటు మాఱుచుండు విద్యుత్తును ప్రవహింపజేసినచో దాని చుట్టును మాఱుచుండు అయస్కాంతక్షేత్ర మేర్పడును. ఆ క్షేత్రమున నొక లోహపు బిళ్ళ యుండెనేని, 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన నియమము ననుసరించి, ఆ బిళ్ళలో చిన్నచిన్న సుడులుగా విద్యుత్తు పుట్టును. ఆ సుడివిద్యుత్తు తన వంతుగా మరల నొక బలహీనమైన అయస్కాంతక్షేత్రమును కల్పించును. యంత్రము వెదకునది ఈ రెండవ క్షేత్రమునే. కావున దీనికి దొరకుటకు లోహము అయస్కాంతమునకు అంటుకొన నక్కఱలేదు; విద్యుత్తును ప్రవహింపనిచ్చిన చాలును. వెండి, రాగి ఈ గుణమున అగ్రగణ్యములు.

ఈ యంత్రము పుట్టినది నాణెములకొఱకు కాదు, ఒక మనుష్యుని ప్రాణముకొఱకు. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు దేహమున నెక్కడ చిక్కినదో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్, డేవిడ్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు అంతకు రెండేండ్ల ముందు నిర్మించిన యొక తీగచుట్టల త్రాసును బాగుచేసికొని అధ్యక్షుని శయ్యకడకు వచ్చెను. అధ్యక్షుని దేహముపై ఆ యంత్ర మెచ్చట నుంచినను మ్రోగుచునే యుండెను. కారణము తరువాత తెలిసినది: పరుపులో ఉక్కుతీగ లుండెను! అదియునుగాక, గుండు కుడిప్రక్కననే యున్నదని నమ్మిన వైద్యుడు ఎడమప్రక్క వెదకనీయలేదు. గుండు ఉన్నది ఎడమప్రక్కననే. సెప్టెంబరు 19వ తేదీన గార్ఫీల్డు మరణించెను. యంత్రమునందు దోషము లేదు. దానికి అక్కఱలేని ఇనుము నడ్డము వచ్చుటయే దోషము. నేటికిని నాణెముల వేటగానిని బాధించునది ఆ చిక్కే.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. విమానములకు రేడియో సహాయమున దిక్కు తెలుపు యంత్రములపై పనిచేయుచుండిన గెర్హార్డ్ ఫిషర్, దారిలోని లోహములు యంత్రమును తప్పుదారి పట్టించుట చూచి, ఆ తప్పునే ఉపయోగమునకు మలచి 1937లో అమెరికాలో పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున యోసెఫ్ కోసాత్స్కి అను పోలెండు సైనికాధికారి మందుపాతరలను పసికట్టు యంత్రమును నిర్మించెను. 1942లో ఎల్ అలమైన్ ఎడారియుద్ధమున నది సైనికులకు దారి చూపెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ విద్య వినోదముగా మాఱినది.

నేడు అంగళ్ళలో దొరకు యంత్రములు స్థూలముగా మూడు తెగలవి.

మొదటి తెగ మిక్కిలి సులభమైనది. ఇందు రెండు విద్యుత్కంపనయంత్రము లుండును. ఒకటి పెట్టెలో భద్రముగా నుండి మాఱని శ్రుతి నిచ్చుచుండును. రెండవదానికి తీగచుట్ట తగిలింపబడి యుండును. లోహము దగ్గఱకు వచ్చినపుడు రెండవదాని శ్రుతి స్వల్పముగా చెడును. తంబురా తీగెలు రెండును సరిగా కలియనపుడు ఒక ఊగులాట వినబడునుగదా! యంత్రములోను అట్లే ధ్వని మాఱును. భౌతికశాస్త్రమున ఆసక్తిగల ఉన్నత పాఠశాల విద్యార్థి ఉపాధ్యాయుని సాయముతో రెండు ట్రాన్సిస్టర్లతో దీనిని స్వయముగా కట్టవచ్చును. కాని దీని చూపు నాలుగైదంగుళముల లోతు దాటదు. ఎండకు తీగ వేడెక్కినను శ్రుతి మాఱును. విలువ తక్కువ, విసుగు ఎక్కువ.

రెండవ తెగలో పంపు చుట్ట యొకటి, వినునట్టి చుట్ట యొకటి యుండును. లోహము లేనపుడు వినుచుట్టకు ఏమియు వినబడకుండ రెండింటిని తూచినట్లు అమర్తురు. సెకనుకు మూడువేలు మొదలు కొన్ని పదులవేలవఱకు మాఱు విద్యుత్తు నిందు వాడుదురు. లోహము క్రిందికి రాగానే త్రాసు తప్పి ధ్వని పుట్టును. ఈ తెగలోని విశేష మింతటితో ముగియదు. వేర్వేఱు లోహములు ఒకే సమయమున బదులు చెప్పవు. వెండి బిళ్ళ కొంత ఆలస్యముగా, పలుచని రేకు కొంత త్వరగా బదులు చెప్పును. ఈ కాలభేదమును కొలిచి యంత్రము ఒక అంకెను అద్దముపై చూపును. ఇనుమునకు చిన్న అంకె, వెండికి పెద్ద అంకె. “ఈ అంకెకు దిగువనున్న వానిని నాకు వినిపింపవలదు” అని మీట త్రిప్పినచో మేకులు, రేకులు నోరు మూసికొనును. నాణెముల వేటగాండ్రలో అధికసంఖ్యాకులు కొనునది ఈ తెగనే. తక్కువ పౌనఃపున్యము పెద్ద వెండి నాణెములకును, ఎక్కువ పౌనఃపున్యము చిన్న బంగారు తునుకలకును అనుకూలించును. ఇటీవలి ఖరీదైన యంత్రములు పలు పౌనఃపున్యములను ఒకేమాఱు పంపి, వచ్చిన బదుళ్ళను పోల్చిచూచుకొనును.

మూడవ తెగ విద్యుత్తును ఎడతెగక పంపదు. సెకనుకు వందలకొలది చిన్న చిన్న దెబ్బలుగా పంపి, ప్రతి దెబ్బకును పిదప నిశ్శబ్దమున చెవి యొగ్గును. గంటను కొట్టిన పిదప మ్రోత యెంతసేపు నిలుచునో వినుటవంటి దిది. మట్టిలోని ఖనిజముల మ్రోత, ఉప్పునీటి మ్రోత వెంటనే అణగిపోవును. లోహపు మ్రోత మఱికొంతసేపు నిలుచును. అందువలన తడిసిన సముద్రపుటిసుకలో దీనికి సాటి లేదు. అయితే మేకునకును నాణెమునకును భేదము చెప్పుటలో నిది చాల వెనుకబడినది. మ్రోగిన ప్రతిచోటను త్రవ్వవలసినదే.

ఎంత ఖరీదైన యంత్రమైనను లోతు విషయమున ప్రకృతి యొక అవధిని పెట్టినది. తీగచుట్ట వెడల్పును మించిన లోతులలో దాని అయస్కాంతబలము దూరముయొక్క ఘనమును బట్టి తగ్గును. నాణెమునుండి మరలివచ్చు బదులును అదే లెక్కను తగ్గును. లోతు రెట్టింపైనచో పోవునపుడు ఎనిమిదవ వంతు, వచ్చునపుడు మరల ఎనిమిదవ వంతు, వెరసి అరువదినాలుగవ వంతు ధ్వనియే మిగులును. కావుననే రూపాయంత బిళ్ళను వేటగాండ్ర యంత్రములు ఆఱు మొదలు పదియంగుళముల లోతువఱకే పసికట్టును. పెద్ద పళ్ళెమువంటి చుట్ట కొంత లోతుగా చూచును గాని, ప్రక్కప్రక్కల నున్న మేకును నాణెమును వేఱుచేయలేదు. “పదియడుగుల లోతున నున్న బంగారమును చూపును” అని చెప్పి అమ్ముచుండు యంత్రములను గూర్చి ఈ లెక్క తెలిసినవాడు తానే తీర్పు చెప్పుకొనగలడు.

ఇప్పుడు ఈ మూడింటిని కృష్ణాతీరపు నేలపై నడిపించి చూతము. విజయవాడకు తూర్పున, బందరురోడ్డునకు ఇరుప్రక్కల వ్యాపించినది పటమట. ఒకప్పుడు పంటపొలములుగా నుండిన ఊరు. నేడు మేడలతో నిండిన నగరభాగము. దాని ప్రక్కనే మోటారుబండ్లను విప్పి బాగుచేయు ఆటోనగరమున్నది. ఇట్టిచోట ఖాళీస్థలమున యంత్రము నాడించినచో మొదట వినబడునది చరిత్ర కాదు. మరలు, చీలలు, సీసా మూతలు, సిమెంటు కప్పులకు కట్టిన తీగముక్కలు. గార్ఫీల్డు పరుపులోని ఉక్కుతీగలే ఇక్కడ మట్టిలో నున్నవని యనుకొనవచ్చును. మూడవ తెగ యంత్రము నిట తెచ్చుట వ్యర్థము. రెండవ తెగ యంత్రమును, చిన్న చుట్టతో, మెల్లమెల్లగా నాడించుట మేలు. ఇచటి ఒండ్రునేలలో ఎఱ్ఱనేలలయందువలె ఇనుపఖనిజము మిక్కుటముగా నుండదు గనుక యంత్రము తొట్రుపడదు. బందరుకు సమీపమునగల మంగినపూడి సముద్రతీరమునకు పోయినచో పరిస్థితి తలక్రిందులగును. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపనిచ్చును గనుక ఒకే పౌనఃపున్యముగల రెండవ తెగ యంత్రము అలవచ్చినపు డెల్ల వ్యర్థముగా అరచును. అచట మూడవ తెగయో, పలు పౌనఃపున్యముల యంత్రమో కావలయును. ఇక నది యడుగున నున్న ఉక్కు రూపాయల మాట. ఇనుమును వలదనునట్లు మీట త్రిప్పిన వేలరూపాయల యంత్రము ఆ బిళ్ళలను ఇనుపతుక్కుగా నెంచి విడిచిపెట్టవచ్చును. అచట గెలుచునది బాలుని లౌడుస్పీకరు బిళ్ళయే!

అయితే మీట త్రిప్పుటయందు మఱియొక నష్టమున్నది. అది ఈ ప్రాంతమునకు ప్రత్యేకముగా వర్తించును. ఇంగ్లండునందో అమెరికాయందో తయారైన యంత్రము ఆయా దేశముల నాణెములను దృష్టియందుంచుకొని చేసినది. వెండిరాగులకు పెద్ద అంకె. అల్యూమినియము రేకునకు, డబ్బామూత వలయమునకు నడిమి అంకె. చెత్త వలదని ఆ నడిమి అంకెలను మూసివేయుట అక్కడి యలవాటు. కాని ఆంధ్రదేశము నేలిన శాతవాహనులు తమ నాణెములను విశేషముగా దేనితో ముద్రించిరి? సీసముతోను, పోటిన్ అను మిశ్రలోహముతోను. సీసము విద్యుద్వాహకతలో రాగికి పదవవంతుకూడ తూగదు. సీసపు బిళ్ళ చెప్పు బదులు డబ్బామూత వలయపు బదులునకు దగ్గఱగా నుండును. తూర్పుతీరమున దొరకిన శాతవాహనుల సీసపు నాణెములు కొన్నిటిపై రెండు కంబముల ఓడ బొమ్మ గలదు. రెండువేల యేండ్లనాటి సముద్రవ్యాపారమునకు అది సాక్ష్యము. చెత్తను విననొల్లని వేటగాడు ఆ ఓడమీదుగా నడచిపోవును, వానికి తెలియనైన తెలియదు.

అంతకంటె పెద్ద చిక్కు నాణెము దొరకిన పిదప కలుగును. పల్నాడు మండలమునందలి వినుకొండలో 1889లో పదునైదు రోమను బంగారు నాణెములు దొరకెను. వానిలో క్రీ.శ. 14 మొదలు 37 వఱకు పాలించిన టైబీరియస్ చక్రవర్తి నాణెములు మొదలు, 217లో చనిపోయిన కరకల్లా నాణెమువఱకు నుండెను. ఒక కుండలో నాణెములను పాతిపెట్టినవాడు తనకు తరువాత పుట్టబోవు రాజు నాణెమును అందు వేయజాలడు. కావున ఆ నిధిని కరకల్లా కాలమునకు ముందు పాతిపెట్టలేదని నిశ్చయముగా చెప్పవచ్చును. రోముతో మన తీరమున కుండిన బంగారు సంబంధము దాదాపు రెండు శతాబ్దులు నాణెముల రూపమున నిలిచెనని దానివలననే తెలియుచున్నది. ఆ పదునైదింటిలో కరకల్లా నాణెమును మాత్రము ఎవడైన తీసి కంసాలికి అమ్మియుండినచో, తక్కినవానిని చూచిన పండితులు ఆ నిధిని మఱింత పాతదిగా నెంచి యుందురు. పోయినది ఒక నాణెపు బంగార మనిపించును; నిజముగా పోవునది కాలనిర్ణయము. అమరావతిలో దొరకిన ఏడువేలకు పైబడిన వెండి ముద్రానాణెముల నిధి ఒకచోటనే యుండుటవలన పరమేశ్వరీలాల్ గుప్త వానిని గుర్తులవారిగా విడదీసి పరిశీలింపగలిగెను. ఆ గ్రంథము 1963లో ప్రకటింపబడెను. అవియే ఏడువేల ఇండ్లలో చెల్లాచెదరై యుండినచో వెండియే మిగులును, విద్య మిగులదు.

గుప్తనిధులమీది ఆశతో పాడుబడిన గుళ్ళను, బౌద్ధస్తూపముల దిబ్బలను రాత్రివేళ త్రవ్వువారు తెలుగునాట నేటికిని పట్టుబడుచునే యున్నారు. వారికి యంత్రము దొరకినచో పాడుసేయుట మఱింత సులభమగును. రక్షితకట్టడముల హద్దులలో అనుమతిలేని త్రవ్వకమును 1958నాటి పురాతన కట్టడముల చట్టము నిషేధించినది. మిగిలిన నేలలకు 1878నాటి నిధుల చట్టము వర్తించును. ఆ చట్టము నేడును అమలునందున్నది. మట్టిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలు మించినచో, దొరకినవాడు ఏ వస్తువు, ఎచట, ఏ దినమున దొరకినదో వ్రాతమూలకముగా కలెక్టరునకు తెలుపవలయును. దానిని సర్కారు ఖజానాలో ఉంచుటయో, అడిగినపుడు చూపుటకు జామీను ఇచ్చుటయో చేయవలయును. విచారణమీదట హక్కుదారు ఎవడును లేడని తేలినచో, వేఱు ఒడంబడిక లేనియెడల, నాలుగింట మూడుపాళ్ళు దొరకినవానికి, ఒకపాలు నేలయజమానికి చెందును. ప్రభుత్వము తానే తీసికొనదలచినచో లోహపు విలువకు అయిదవవంతు చేర్చి చెల్లింపవలయును. దాచినవాడు తన వంతును పోగొట్టుకొనుటయేగాక ఒక సంవత్సరమువఱకు కారాగారశిక్షకు పాత్రుడగును. నూటనలువదియేండ్లకు పైబడిన చట్టములో పది రూపాయలను హద్దుగా నుంచుట నేడు నవ్వు పుట్టించును గాని, దొరకినవానికి ముప్పాతిక వంతు నిచ్చుట చూచినచో దానిని వ్రాసినవారు మనుష్యస్వభావము నెఱిగినవారే యనిపించును.

మన ప్రాంతమున దొరకిన పాతనాణెములను చూడగోరువారు పటమటనుండి బందరురోడ్డు వెంబడి నగరములోనికి పోయిన చాలును. 1887లో విక్టోరియా పేర కట్టిన పాతభవనమున నేడు బాపు మ్యూజియమున్నది. నాణెముల గది యొకటి అందు కలదు. అచటి బిళ్ళల నుంచిన అద్దముకడ యంత్రము అక్కఱలేదు.

నాణెముల వేటగాండ్రలో మిక్కిలి ప్రసిద్ధుడైనవాడు నాణెములకై వెదకినవాడు కాడు. ఇంగ్లండునందలి సఫక్ మండలమున హాక్స్న్ అను గ్రామములో ఒక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొనెను. దానిని వెదకిపెట్టుమని తన మిత్రుడైన ఎరిక్ లాస్ అను నాతనిని అడిగెను. 1992 నవంబరు 16వ తేదీన లాస్ తన లోహశోధకముతో పొలము త్రొక్కుచుండగా యంత్రము గట్టిగా మ్రోగెను. త్రవ్వగా వెండి గరిటెలు, బంగారు నగలు, నాణెములు బయటపడసాగెను. ఆతడు కొన్నింటిని తీసిన పిమ్మట చేయి ఆపెను. రైతును, అధికారులను పిలిపించెను. మఱునాడు పురావస్తుశాస్త్రజ్ఞులు వచ్చి మిగిలినదానిని మట్టిపొర చెడకుండ త్రవ్వి తీసిరి. అందు పదునాలుగువేలకు పైగా రోమను నాణెములుండెను. ఒక కఱ్ఱపెట్టెలో ఏ వస్తువు ఏ వస్తువుప్రక్కన సర్దిపెట్టబడినదో కూడ తెలిసికొనుట సాధ్యమయ్యెను. ఆతడు చేయి ఆపకుండినచో అది తెలిసెడిది కాదు. ప్రభుత్వ మిచ్చిన బహుమానమును లాస్ రైతుతో పంచుకొనెను. సుత్తియు దొరకినది. అదియు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందే యున్నది.